ఎడం చేతికి చదువు

మా అమ్మాయి కాలేజీకి వెళ్లిన ఏడాది ఇంట్లో పియానో మూత పడింది. డాలస్ చుట్టుపక్కల మన ఇళ్లలో ఇలా మూతపడ్డ పియానోలు చాలానే ఉన్నాయి. పిల్లకి ఆరేళ్లు రాగానే కొంటాం. పదేళ్లపాటు వారం వారం క్లాసుకి తీసుకెళ్లి, బయట కార్లో కూర్చుని ఆఫీసు మెయిళ్లు చూసుకుంటాం. పిల్లలు వెళ్లిపోయాక దాని మీద ఫొటోలు, బొమ్మల కొలువులో మిగిలిన బొమ్మలు చేరతాయి. నేను ఆ బొమ్మలన్నీ అలమరలో సర్దేసి, 46వ ఏట ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు నాకు 51. రెండేళ్లుగా ఒకే ఒక్క రచనని పట్టుకుని ఉన్నాను. అది నాకేం నేర్పిందో చెప్పి, మన తెలుగు సంఘాన్ని ఒక మాట అడగాలని ఉంది.

అది పోలండ్ దేశపు స్వరకర్త షోపాన్ పియానో కోసం రాసిన ఫాంటసీ ఇంప్రాంప్తూ. మొదటినుంచి చివరిదాకా వాయిస్తే ఐదు నిమిషాలు. 1834లో, 24 ఏళ్ల వయసులో రాసి దాచుకున్నాడు. బతికి ఉండగా అచ్చు వేయించలేదు. అచ్చుకాని కాగితాలన్నీ నాశనం చెయ్యమని చెప్పి 1849లో పారిస్‌లో కన్నుమూశాడు. స్నేహితుడు జూలియన్ ఫోంటానా ఆ కోరికని పక్కనపెట్టి 1855లో దాన్ని లోకానికిచ్చాడు. ఆయన చేసింది ధర్మమా కాదా అని వాదించేవాళ్లున్నారు. నా మటుకు నేను ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మొదట గంట కొట్టినట్టు ఒకే స్వరం మోగుతుంది. తర్వాత ఎడం చెయ్యి ఒంటరిగా అలలు మొదలుపెడుతుంది. కాసేపటికి కుడి చెయ్యి వచ్చి చేరుతుంది, అదీ తాళం మీద కాదు, పిసరంత వదిలి. మన సంగీతంలో అనాగత గ్రహం అంటామే, అలా. అసలు చిక్కు అక్కడినుంచి. కుడి చెయ్యి నాలుగు స్వరాలు పలికే వ్యవధిలో ఎడం చెయ్యి మూడు పలకాలి. పన్నెండు గళ్లు గీసుకుంటే కుడిచేతి స్వరాలు 1, 4, 7, 10 గళ్లలో పడతాయి, ఎడంచేతివి 1, 5, 9లో. రెండూ కలిసేది మొదటి గడిలో ఒక్కసారే. కాగితం మీద ఇది అయిదో తరగతి లెక్క. వాయించబోతే మాత్రం ఒక చెయ్యి రెండోదాన్ని తనవైపు లాగేసుకుంటుంది. ఎడం చెయ్యి నాలుగు వాయించేస్తుంది, లేదా కుడి చెయ్యి మూడుకి కుదించుకుపోతుంది.

నా ఎడం చేతికి ఇంకో కథ ఉంది. మా నాన్నగారు తెనాలి వైపు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. చిన్నప్పుడు ఇంట్లో చేతి హార్మోనియం మీద నాకు స్వరాలు నేర్పింది ఆయనే. దాని మీద పాట పాడేది కుడి చెయ్యి. ఎడం చెయ్యి వెనక కూర్చుని గాలి అందిస్తుంది, అంతే. నలభై ఏళ్లు గాలి కొట్టిన చేతికి ఇప్పుడు నీ పాట నువ్వు పాడుకో అంటే ఎలా వస్తుంది? మూడు నెలలు రోజూ పొద్దున అయిదింటికి లేచి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పోరాడాను. రాలేదు. నాకిది రాదు అని ఒక రాత్రి వంటింట్లో నిలబడి ఏడ్చాను కూడా.

దారి చూపింది మన ఊళ్లో పిల్లలకి మృదంగం చెప్పే మాస్టారు. విషయం విని, "మీరు లెక్కేసుకుంటున్నారమ్మా. లెక్క వదిలెయ్యండి. కుడిచేతికి తకధిమి, ఎడంచేతికి తకిట. సమం దగ్గర, అంటే మొదటి దెబ్బ దగ్గర, రెండూ కలిస్తే చాలు. మధ్యలో వాటి దారిన వాటిని పోనివ్వండి" అన్నారు. నలభై రోజులు పియానో ముట్టుకోలేదు. అన్నం ఉడికేటప్పుడు, ఎర్ర లైటు దగ్గర కారు ఆగినప్పుడు, మోకాళ్ల మీద తకధిమి, తకిట. తర్వాత తాళం కొట్టే యంత్రం, మెట్రోనోమ్, నిమిషానికి 40 దెబ్బల మీద పెట్టుకుని మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున చేతులు విడిపోయాయి. ఆ క్షణం గురించి ఎంత రాసినా తక్కువే. అంతవరకూ నేను ఎడం చేతిని వాయించడమే తప్ప విన్నది లేదు. ఆ రోజు విన్నాను.

ఆదివారం నాన్నగారికి ఫోన్లో వినిపించాను. "పక్కన ఎవరమ్మా వాయించేది?" అన్నారు. ఎవరూ లేరు నాన్నా, నా ఎడం చెయ్యే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మళ్లీ వాయించు" అన్నారు.

ఆ ఏడాది నవంబరులో మణికట్టు నొప్పి పెట్టి మూడు వారాలు ఆపాల్సొచ్చింది. బొటనవేలు బిగపట్టి వాయిస్తున్నానని మా టీచర్ కనిపెట్టారు. షోపాన్ తన శిష్యుల చేత మొదట బి మేజర్ స్కేలు, అంటే బి నుంచి మొదలయ్యే స్వరాల వరస, వాయింపించేవాడట. పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్ల మెట్ల మీద సహజంగా ఒదుగుతాయని. నెలరోజులు అదే వాయించాను. నొప్పి పోయింది.

మధ్య భాగాన్ని నేను తేలిగ్గా తీసుకున్నాను. స్వరాలు తక్కువ, నడక నెమ్మది. షడ్జం, అంటే ఆధార స్వరం, మారదు (సి షార్ప్, డి ఫ్లాట్ ఒకే మెట్టుకి రెండు పేర్లు), దాని మీది లోకం మారుతుంది. సి షార్ప్ మైనర్‌లో కీరవాణి రాగం ఛాయతో నడిచినది డి ఫ్లాట్ మేజర్‌కి, అంటే మన శంకరాభరణానికి వస్తుంది. అక్కడే నాలుగు నెలలు పట్టింది. పియానో మీద మెట్టు నొక్కిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లిపోతుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకం వెయ్యడానికి వీల్లేదు. గమకం పలకదనే కదా మా నాన్నగారి హార్మోనియాన్ని 1940లో ఆలిండియా రేడియో బయటికి నెట్టింది, 1971 దాకా తలుపు తియ్యలేదు! మరి ఈ వాద్యం మీద పాడించడం ఎలా? ముందు స్వరం ఎంతవరకు సన్నబడిందో చెవితో పట్టుకుని, తర్వాతి స్వరాన్ని ఆ ఎత్తునే అందుకోవాలి. వేళ్ల పని కాదది, చెవి పని. ఇరవయ్యేళ్ల వయసులో ఆ ఓపిక నాకు ఉండేది కాదు. కాబట్టే సంగీతం చిన్నప్పుడే నేర్చుకోవాలన్న మాటని నేను ఇక ఒప్పుకోను. వేళ్లు చిన్నప్పుడు త్వరగా తిరుగుతాయి, నిజమే. వినడం మాత్రం వయసుతో పెరుగుతుంది.

మన వేడుకల్లో పిల్లలు వేదికెక్కి నాలుగు నిమిషాలు వాయిస్తారు, మనం ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తాం. నేనూ పదేళ్లు చేశాను, ఆ సంతోషం నాకు తెలుసు. కానీ ఆ పదేళ్లలో మా అమ్మాయి నేను తప్పు వాయించడం ఒక్కసారైనా చూడలేదు, ఎందుకంటే నేను వాయించలేదు. సంగీతం కాలేజీ అప్లికేషన్‌తో ముగిసే పని అని తనకి మనమే నేర్పాం. మొన్న క్రిస్మస్ సెలవుల్లో వచ్చినప్పుడు నేను సాధన చేస్తుంటే తనే వచ్చి బెంచీ మీద కూర్చుంది. పేజీలు తిప్పింది. "అమ్మా, ఇక్కడ నాకూ ఎప్పుడూ తప్పేది" అంది. ఎవరూ రమ్మనకుండా తను ఆ బెంచీ మీద కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.

గంట దూరంలో ఫోర్ట్ వర్త్ ఉంది. అక్కడి క్లైబర్న్ సంస్థ 1999 నుంచి ఔత్సాహికుల కోసం పియానో పోటీ నడుపుతోంది. 35 ఏళ్లు నిండినవాళ్లకే ప్రవేశం, పియానో వాయించడమో నేర్పడమో ప్రధాన జీవనాధారంగా ఉన్నవాళ్లు పనికిరారు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు వచ్చి వాయిస్తారు. పెద్దవాళ్లు నేర్చుకోవడాన్ని ఇంత గౌరవించే ఊరి పక్కనే మనం కాపురాలు చేస్తున్నాం.

నేను పోటీ అడగడం లేదు. నెలకో ఆదివారం, లైబ్రరీలో ఒక గది, అందులో ఒక పియానో. వీణ, వయొలిన్, మృదంగం ఎవరిది వాళ్లు తెచ్చుకోవచ్చు. యాంకర్లు వద్దు, శాలువాలు వద్దు. పూర్తికాని పాట పట్టుకొచ్చి వాయించాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టుకోవాలి, మిగతావాళ్లు వినాలి. మన కార్యవర్గం ఇంతకంటే ఎంతో పెద్ద పనులు అలవోకగా చేస్తుంది. ఈ ఒక్కటీ చెయ్యమని అడుగుతున్నాను. కుర్చీలు సర్దే పని నాది.

ఇక నాకు మిగిలింది చివరి పేజీ. అక్కడ కుడి చెయ్యి పైన సన్నగా అలలు వేస్తూ ఉంటుంది, మధ్య భాగంలోని ఆ పాటని ఎడం చెయ్యి కింది స్థాయిలో నెమ్మదిగా ఎత్తుకుంటుంది. సోమవారం మొదలుపెట్టాను. ఇంకెన్నాళ్లు పడుతుందమ్మా అని నాన్నగారు అడిగారు. ఉగాదికి అన్నాను.