స్ప్రింగ్ రైఫిల్ తన్నేది రెండు వైపులా

ఎయిర్ రైఫిల్‌కు ఏ స్కోప్ (గురిచూసే దుర్బిణి) అయినా చాలునని ఒక వ్యాసంలో రాశారు. అలా అనుకునే నేను ఒకటి పాడుచేసుకున్నాను. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూకుతుంటే రైఫిల్ వెనక్కి తన్నుతుంది, పిస్టన్ సిలిండర్ చివర ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. మామూలు స్కోప్‌లు చాలావరకు ఆ మొదటి దెబ్బను తట్టుకోవడానికే తయారవుతాయి. నా దానిలో కొద్ది వారాలకే అడ్డగీత ఒరిగిపోయింది. పీసీపీ రైఫిల్ (ముందే గాలి నింపి ఉంచేది) ఉన్నవారికి ఈ బాధ లేదు లెండి.

స్ప్రింగ్ రైఫిల్‌కు పనికొస్తుందో లేదో అడిగి కొనండి. మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించేది) వెనక్కి జారకుండా స్టాప్ పిన్ ఉండాలి. పారలాక్స్ (కన్ను కదిలితే అడ్డగీత గురి మీద జరిగినట్టు కనిపించే తేడా) సర్దుబాటు 10 మీటర్ల వరకు దిగాలి. ఇక సర్దడం: 100 గజాల వద్ద గురిని పావు అంగుళం జరిపే క్లిక్ (స్కోప్ మర తిప్పే ఒక్కో మెట్టు), 25 గజాల వద్ద అందులో నాలుగో వంతే జరుపుతుంది. అంటే అంగుళానికి 16 క్లిక్కులు. నేను నాలుగే తిప్పి, స్కోప్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను!