ఇల్లరికపుటల్లుడు టైర్ చేంజర్ గారికి

మహారాజశ్రీ టైర్ చేంజర్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు మా గరాజ్‌లో కుడివైపు మూల, స్నో బ్లోయర్ పక్కన కులాసాగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. నా నడుమే ఇంకా కులాసా పడలేదు.

రిమ్ము మీంచి టైరు చేత్తో విప్పడానికి, ఎక్కించడానికి వాడే ఇనప స్టాండ్ మీరు. మిమ్మల్ని ఎందుకు తెచ్చుకున్నామో ఒకసారి గుర్తుచేస్తాను. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. చలి 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది కాబట్టి దీపావళి అటూ ఇటూగా స్నో టైర్లు ఎక్కించాలి, ఉగాది దాటాక దించాలి. మాకున్న రిమ్ములేమో ఒక్క సెట్టే. అంచేత ఏడాదికి రెండుసార్లు నాలుగేసి టైర్లు విప్పించి, ఎక్కించి, బ్యాలెన్స్ చేయించాలి. షాపువాడు టైరుకి పాతిక డాలర్లు తీసుకునేవాడు. అంటే ఏడాదికి 200. మీ ధర 90. ఒక రాత్రి పదకొండింటికి ఈ అంకెలు పక్కపక్కన రాసుకుని చూస్తే ఒక్క సీజన్‌లోనే మీరు గిట్టుబాటైపోతారని తేలింది. ఆ లెక్కలో జండూబామ్ ఖర్చు వేయలేదు, అది నా తప్పే.

కట్నం అక్కర్లేదన్న సంబంధం గదా అని మురిసిపోయాం. లాంఛనాలు పెళ్ళయ్యాకే మొదలవుతాయని మర్చిపోయాం.

మీ మొదటి కోరిక నేల. పెట్టె విప్పి నిలబెట్టి, బీడ్‌ని, అంటే రిమ్ముని పట్టుకున్న టైరు అంచుని, ఊడదీద్దామని మీ చెయ్యి పట్టుకుని కిందికి లాగితే టైరు కదల్లేదు, మీరు కదిలారు. అలా గరాజ్ అంతా ప్రదక్షిణం చేశాం. తీరా కాగితం చదివితే మిమ్మల్ని కాంక్రీటులో నాలుగు యాంకర్ బోల్టులు దింపి బిగించాలట, దానికి హ్యామర్ డ్రిల్ కావాలట. నేలకి బెజ్జాలు పెడితే కారు ఎక్కడ పెట్టాలని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. చివరికి మిమ్మల్ని మందపాటి ప్లైవుడ్ పలక మీద బిగించి, ఆ పలక మీదికి ఆవిడ కారు ముందు చక్రం ఎక్కించి నిలబెట్టాం. అల్లుడు కూర్చోవడానికి అత్తగారు కుర్చీ పట్టుకుని నిలబడ్డట్టు.

రెండోది, మీతో వచ్చిన ఇనప కడ్డీ. అలాయ్ రిమ్ము మీద దాన్ని ఒక్కసారి ఆనిస్తే చాలు, గీత పడింది. ఇనప రిమ్ముల కాలం నాటి పద్ధతి మీది, మాకేం తెలుసు? బాతుముక్కు ఆకారంలో ప్లాస్టిక్ తొడుగున్న కడ్డీ విడిగా దొరుకుతుందని తర్వాత తెలిసింది. దాని ధర మీకంటే ఎక్కువ. నిజం చెప్పాలంటే మీ ఇద్దరిలో పని తెలిసింది అదే. అది కొని మిమ్మల్ని మానేసినా సరిపోయేదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

ఇక మొదటి టైరు సంగతి. బీడ్ అంటే తెలుసుగా, లోపల ఉక్కు తీగల చుట్ట పెట్టి రిమ్ముని కరుచుకునేలా చేసిన టైరు అంచు. కింది బీడ్ ఎక్కింది. పై బీడ్ మూడు వంతులు ఎక్కి, ఆఖరి జానెడు దగ్గర మొండికేసింది. నేను కడ్డీ మీద వేలాడుతున్నాను, చెమట కళ్ళల్లోకి కారుతోంది, సబ్బునీళ్ళు ప్యాంటంతా. మా ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, నాకు ఎదురుగా ఉన్న వైపు టైరు మీద మోకాలు ఆనించి కిందికి నొక్కింది. జర్రున జారి ఎక్కేసింది. రిమ్ముకి మధ్యలో పల్లం ఉంటుంది, ఎదుటి వైపు బీడ్‌ని ఆ పల్లంలోకి తోస్తే ఇటువైపు వదులొస్తుంది, అంతే కిటుకు. ఏలూరు దగ్గర హైవే మీద పంక్చర్ షాపు కుర్రాడు రెండు లీవర్లు, ఒక సుత్తి, డొక్కు డబ్బాలో సబ్బునీళ్ళతో బీడీ ఆరకుండా చేసే పని ఇది. చిన్నప్పుడు నాన్న స్కూటర్ పక్కన నిలబడి గంటల తరబడి చూశాను. చూశానే గాని అతను మోకాలు ఎక్కడ పెట్టేవాడో గమనించలేదు.

మూడో టైరుకి సెన్సర్ పోయింది. 2007 సెప్టెంబరు నుంచి ఇక్కడ తయారైన కార్లన్నిటికీ టైర్లో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు తప్పనిసరి, మా కారుకైతే ఆ సెన్సర్ వాల్వుని ఆనుకుని రిమ్ము లోపల కూర్చుంటుంది. బీడ్‌ని నొక్కి ఊడదీసే మీ పలక సరిగ్గా అక్కడే దిగింది. టప్ మని చిన్న చప్పుడు. కొత్త సెన్సర్‌కి, దాన్ని కారుకి పరిచయం చేయడానికి కలిపి 80 డాలర్లు. చేసింది ఎవరనుకున్నారు, ఆ పాతిక డాలర్ల షాపువాడే. మీరెలా ఉన్నారని అడగలేదు గాని, నా చేతి కట్టు చూసి నవ్వాడు.

మీ తమ్ముడు బబుల్ బ్యాలెన్సర్ గారి గురించి కూడా రాయాలి. పాపం నోట్లో నాలుక లేని మనిషి. చక్రాన్ని నెత్తిన పడుకోబెట్టుకుని, నడుమ నీటిబుడగ ఎటు పోతే అటువైపు తేలికని చెబుతాడు, మనం ఆ వైపు అంచుకి బరువు అంటించాలి. అయితే ఇక్కడ గరాజ్ నేల వాన నీళ్ళు బయటికి పోయేలా తలుపు వైపు వాలుగా ఉంటుంది. ముందు ఆయన కాళ్ళ కింద మరలు తిప్పి ఆయన్ని సమం చేయాలి. నేను ఆ పని మర్చిపోయి నాలుగు చక్రాలకీ మా నేల వాలుని బ్యాలెన్స్ చేశాను.

సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. బుడగ నట్టనడుమ నిలబడింది. హైవే ఎక్కి 65 మైళ్ళు అందుకోగానే స్టీరింగ్‌కి పూనకం వచ్చింది. తమ్ముడుగారిది కిరాణా కొట్టు తక్కెడ చూపు, నిలబడి ఉన్న బరువే ఆయనకి తెలుసు. చక్రానికి వెడల్పు కూడా ఉంటుందే! లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి సరిగ్గా ఎదురుగా ఇంకోచోట బరువు ఎక్కువైతే బుడగ కదలనే కదలదు, తిరిగేటప్పుడు మాత్రం చక్రం కుడిఎడమలకి కొట్టుకుంటుంది. దాన్ని పట్టాలంటే చక్రాన్ని తిప్పి చూసే స్పిన్ బ్యాలెన్సర్ కావాలి. ఆ వేగంలో మా చక్రం సెకనుకి దాదాపు 14 చుట్లు తిరుగుతుంది, 16 అంగుళాల రిమ్ము అంచున 28 గ్రాములు తేడా ఉంటే అది 4 కిలోల పైన బలంతో లాగుతుంది. ఈ లెక్క నేను ముందే వేసుకోవాల్సింది. ఆ రాత్రి పదకొండింటికి డాలర్ల లెక్క ఒక్కటే తోచింది.

మొన్న మా బావ ఫోన్ చేశాడు. ఇదంతా చెబితే కాసేపు ఆగి, "స్నో టైర్లకి ఇంకో సెట్ ఇనప రిమ్ములు కొనుక్కుని అందులోనే ఉంచేయొచ్చుగా, జాకీ పెట్టి చక్రాలు మార్చుకోవడం అరగంట పని" అన్నాడు. మీ మీద, తమ్ముడుగారి మీద, కడ్డీ మీద, కంప్రెసర్ మీద, సెన్సర్ మీద పెట్టిన డబ్బుతో అవి వచ్చేవి, టార్క్ రెంచ్ కూడా వచ్చేది. మీకు వినబడకూడదని ఫోన్ స్పీకర్ మీద పెట్టలేదు.

అయినా దసరాకి ఆయుధపూజ రోజున కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మీకూ పసుపు రాసి బొట్టు పెట్టాం. అల్లుడుగారు కదా. ప్రస్తుతం మీ చేతికి మా వాడి స్నో జాకెట్ తగిలించి ఉంది, బాగా అమరింది.

ఇట్లు,
మీ మామగారు

తా.క. ఇక్కడికి 40 మైళ్ళ దూరంలో ఎవరో సెకండ్ హ్యాండ్ స్పిన్ బ్యాలెన్సర్ అమ్ముతున్నారట. శనివారం ఊరికే చూసొస్తాను. మీ వెనక గోడకి ఉన్న ప్లగ్ ఖాళీయే కదా?