తక్కువ ఖర్చులో హాలు రక్షణ

తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థావరమైన ఊళ్లో కాపురం ఉంటూ రక్షణ గురించి ఆలోచించకపోతే ఊరికే చిన్నతనం. సముద్రం వైపు నుంచి వచ్చేవాళ్ల సంగతి నౌకాదళం చూసుకుంటుంది. రైల్వే స్టేషను వైపు నుంచి, ఆర్టీసీ కాంప్లెక్సు వైపు నుంచి వచ్చేవాళ్ల సంగతి ఎవరు చూసుకుంటారు? ఈ విషయంలో విశాఖ గృహస్థుడు నేటికీ నిరాయుధుడు.

పలాసలో ఒకరికి మోకాళ్లు నొప్పి పెడితే ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావాలి. బొబ్బిలిలో ఒకరి అబ్బాయికి ఇంజినీరింగు సీటొస్తే కాలేజీ చూడ్డానికి రావాలి. పార్వతీపురం వాళ్ల అల్లుడు దుబాయి వెళ్తుంటే విమానం ఎక్కించడానికి ముగ్గురు రావాలి, ఎక్కించాక ఆ ముగ్గురూ ఏడవడానికి ఒక చోటు కావాలి. వీళ్లందరికీ మా ఫ్లాటు దార్లోనే ఉంటుంది. మేం గాజువాకలో ఉన్నప్పుడూ దార్లోనే ఉండేది, ఎంవీపీ కాలనీకి మారాకా దార్లోనే ఉంది. ఉత్తరాంధ్రలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లినా దారి మా గుమ్మంలోంచే.

అందుకే ఈ మధ్య జనం 'తక్కువ ఖర్చులో ఇంటి అలంకారం' మీద పడ్డారంటే నేను దాన్ని సరదాగా తీసుకోను. అది ఆత్మరక్షణ. హాలుని అందంగా సర్దుకోవడం వెనక ఉన్న అసలు ఉద్దేశం వచ్చినవాణ్ణి సుఖంగా కూర్చోనివ్వకపోవడం. ఈ సూత్రం పట్టుబడితే మిగతా అలంకారశాస్త్రం అంతా దానంతటదే అర్థమవుతుంది.

సోఫాతో మొదలుపెడదాం. ముగ్గురు కూర్చునే సోఫాకి ఏడు కుషన్లు ఉండాలి. పూర్ణా మార్కెట్లో ముక్కల లెక్కన గుడ్డ కొని కవర్లు కుట్టించుకుంటే ఖర్చు కూడా పెద్దగా అవ్వదు. వచ్చినాయన ముందు నిలబడి చూస్తాడు. కూర్చోవాలంటే కుషను తియ్యాలి, తీస్తే ఎక్కడ పెట్టాలో తెలీదు. చివరికి ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని సోఫా అంచు మీద కూర్చుంటాడు. అలా కూర్చున్న మనిషి అరగంట దాటి ఉన్న దాఖలా లేదు.

తరవాత టీపాయ్. దీని మీద ఖాళీ అనేది కనిపించకూడదు. ఒక గాజుగిన్నెలో తెల్ల గులకరాళ్లు, మూడు లావుపాటి ఇంగ్లిషు పుస్తకాలు (రంగు చూసి కొన్నవి, లోపల ఏముందో రాసినవాడికే తెలియాలి), ఒక సువాసన కొవ్వొత్తి, నడిమధ్యలో ఉరుళి అనే వెడల్పాటి ఇత్తడి గిన్నె, అందులో నీళ్లు, నీళ్లలో బంతిపూలు. 2024లో ఊరు ఊరంతా ఋషికొండ మీద ప్రభుత్వం కట్టించిన భవనంలోని బాత్‌టబ్ గురించే మాట్లాడుకుంది, దాని ధర మీద టీకొట్టుకో అంకె వినిపించింది. మధ్యతరగతి వాళ్లం ఉరుళితో సరిపెట్టుకున్నాం. ఏదైనా నీళ్లు పోసి చూసుకోవడమే కదా! ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేనప్పుడు అతిథి దాన్ని చేత్తో పట్టుకునే ఉంటాడు, చెయ్యి కాలి గబగబా తాగేస్తాడు, నాలుక కాలుతుంది. నాలుక కాలినవాడు పాత ఆస్తి తగాదాలు ఎత్తడు.

లైట్ల విషయంలో కొందరు పాతబడిపోయిన సలహాలు ఇస్తుంటారు. మూలకో పసుపు బల్బు పెట్టుకుంటే చాలు, నెత్తిమీది ట్యూబులైటు ఆపేస్తే మనుషుల మొహాలు బావుంటాయి, అయ్యే ఖర్చు ఒక బల్బుదే అంటారు. నిజమే, అందుకే అది పనికిరాదు. ఫాల్స్ సీలింగు అంచుల్లో రంగులు మారే ఎల్ఈడీ పట్టీ వేయించాలి. ఆ నీలం వెలుగులో ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా రోగిలా కనపడతాడు. కేజీహెచ్‌కి వచ్చినవాడైతే అద్దంలో తన మొహం చూసుకుని పొద్దుటి దాకా ఆగకుండా బయల్దేరతాడు.

ఆదర్శగృహం ఎలా ఉండాలో చూడాలనుకునేవాళ్లు ఆర్కే బీచ్‌కి వెళ్తే చాలు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా నిలబడ్డ ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది కదా. పొడవు 91 మీటర్లు. మా ఫ్లాటు దాని ముందు దిగదుడుపు. 70 మందికి పైగా ఉండే చోట ప్రతి అంగుళం వాడుకున్నారు. మంచాల కింద సామాను, గోడల నిండా మీటలు, మరలు. సందర్శకుడు ఒక తలుపులోంచి ఎక్కుతాడు, తల వంచుకుని వరసలో నడుస్తాడు, "అబ్బో" అంటాడు, ఇంకో తలుపులోంచి దిగిపోతాడు. కూర్చోడు. టీ అడగడు. పైగా టిక్కెట్టు కొని మరీ వస్తాడు. ఏ ఇంటీరియర్ డిజైనరు ఇప్పటిదాకా ఇంత సాధించాడో చెప్పమనండి.

ఈ వ్యూహానికి ఊళ్లో ఉన్న ఒకే ఒక్క విరోధి సముద్రం. దానికి అలంకారం పడదు. ఎక్కడో గాలిలో తేమ లేని ఊళ్లో తయారైన ఇనప పిట్టల్ని, ఇనప ఆకుల్ని ఆన్‌లైన్లో తెప్పించి గోడకి తగిలిస్తాం. ఉప్పుగాలి వాటిని రెండు వానాకాలాలు ఓపిగ్గా నమిలి, పిట్టల కింద గోడ మీద గోధుమరంగు చారలు దింపుతుంది. గోడకి వేసిన ఆయిల్ పెయింటు లోపలి చెమ్మని బయటికి పోనివ్వక బుడగలు లేస్తుంది. మా ముత్తాతలు సున్నం కొట్టి ఊరుకున్నారు, వాళ్ల గోడలకి ఈ రోగం లేదు. కాని సున్నం గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటుతుంది అన్న ఒక్క మంచి గుణం తప్ప అందులో రక్షణ ఏముంది?

2014 అక్టోబరు 12 ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను వచ్చి సముద్రం కనపడాలని పెట్టించుకున్న గాజు తలుపులన్నీ పగలగొట్టి, ఫాల్స్ సీలింగులు ఊడదీసి, హాల్లోంచి ఆకాశం కూడా కనపడేలా చేసి పోయింది. ఆస్తినష్టం సంగతి ప్రభుత్వాలు చూశాయి. సామాజిక నష్టం ఎవరూ లెక్కకట్టలేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. అపార్ట్‌మెంటు జనం అంతా సెల్లారులో చేరి, ఎవరింట్లో సిలిండరు ఉంటే వాళ్లింట్లో అందరికీ కలిపి అన్నం, పప్పు వండేశారు. కొవ్వొత్తి చుట్టూ చాపలేసుకు కూర్చున్నారు. ఎదురు ఫ్లాటాయనకి పాటలొచ్చని అప్పుడు తెలిసింది. అలాంటి చీకటి రోజులు మళ్లీ రాకుండా చూసుకోవడం మనందరి బాధ్యత.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. తక్కువ ఖర్చులో దొరుకుతున్నాయి కదా అని కొన్ని ప్రమాదకరమైన వస్తువుల్ని కొందరు ఇళ్లలోకి తెస్తున్నారు.

వాటిలో మొదట చెప్పుకోవలసింది ఏటికొప్పాక బొమ్మలు. ఎలమంచిలి దగ్గర వరాహ నదీ తీరాన అంకుడు కర్రని తరిణె పట్టి, లక్కలో గింజల రంగులు, ఆకుల రంగులు కలిపి పూసి చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి. అంతవరకు బాగానే ఉంది. ఒక ఏటికొప్పాక బొంగరం తెచ్చి టీపాయ్ మీద పెట్టి చూడండి. వచ్చినవాళ్ల పిల్లాడు తీస్తాడు. సహజమైన రంగులు గనక నోట్లో పెట్టుకున్నా తల్లి కంగారుపడి తీసుకుని వెళ్లిపోదు. పిల్లాడికి తిప్పడం రావట్లేదని తండ్రి తీసుకుంటాడు. తండ్రికి రావట్లేదని తాత నేల మీదికి దిగుతాడు. నేల మీద కూర్చున్న మనిషిని భోజనానికి తప్ప ఇంక దేనికీ లేపలేం.

తుంగచాప అంతకంటే అపాయకరం. చుట్టి మూలన నిలబెడితే అందంగానే కనపడుతుంది, పరిస్తే ఆరుగురికి చోటు. దిండు ఒకటి దొరికిందంటే మధ్యాహ్నం నిద్ర ఖాయం. మట్టి కూజా కూడా అంతే. రెండో గ్లాసు అడగనివాడు లేడు.

సంక్రాంతి బొమ్మలకొలువు గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ట్రంకుపెట్టెలు, పీటలు మెట్లుగా పేర్చి, మీద పాత పట్టుచీర కప్పి, ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ ఎక్కించి, వాడలో ఆడవాళ్లందర్నీ పేరంటానికి పిలిచేవారు. మొత్తం ఖర్చు కిలో శనగలు, తమలపాకులు, నాలుగు పళ్లు. ఒక్క సాయంత్రంలో వీధి వీధంతా ఒకరింట్లోంచి ఒకరింట్లోకి తిరిగేసేది. ఇంత చవగ్గా ఇంతమంది ఇంట్లోకి జొరబడే పద్ధతిని కనిపెట్టినవాళ్లెవరో గాని, మనం మానేసి మంచి పని చేశాం.

దాని స్థానంలో ఇప్పుడు గెట్‌టుగెదర్లు వచ్చాయి. వీటిలో రక్షణ పాళ్లు ఎక్కువ. ఈ మధ్య బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక ఫ్లాటుకి పిలుపొచ్చింది. "ఏమీ హడావిడి లేదు, ఊరికే అలా వచ్చెయ్యండి" అన్నారు. వెనకే వాట్సాప్‌లో ఉత్తర్వులు దిగాయి. బీచ్ థీము. మగవాళ్లు తెలుపు, ఆడవాళ్లు నీలం. సరిగ్గా ఏడున్నరకి ఫొటో.

వెళ్లాం. పళ్లేల్లో ఇసుక పోసి గవ్వలు పేర్చారు. ఆ ఇసుక డబ్బాలో ప్యాక్ అయి కొరియర్లో వచ్చిందట. గోడకి నీలం సీరియల్ సెట్లు, థర్మోకోల్ తాబేలు. మూలనున్న స్పీకర్లోంచి అలల చప్పుడు. మూరీ (మరమరాల) మిక్చరు కోసం పొట్లాలు కూడా చుట్టి ఉంచారు, పాత పేపరులా కనపడేలా అచ్చువేయించిన కొత్త కాగితంతో. బాల్కనీ వైపు తలుపులు వేసి, దళసరి కర్టెన్లు లాగేశారు. ఉక్కపోస్తోంది కదా, కాస్త తీద్దామా అని నా పక్కనున్న పెద్దాయన అడిగితే ఇంటావిడ నిజంగా కంగారుపడింది.

"వద్దండీ బాబూ! తలుపు తీస్తే బీచంతా ఎగిరిపోద్ది."

మూరీ మిక్చరు మాత్రం దెబ్బతింది. ఫొటోకి అందంగా ఉండాలని ఆరింటికే కలిపేశారు. మూరీలకి తడి తగిలాక నిమిషాల్లో మెత్తబడిపోతాయి. అందుకే బీచ్‌లో బండివాడు ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మచెక్క అన్నీ విడివిడిగా పెట్టుకుని, మనం ఎదురుగా నిలబడ్డాకే డబ్బాలో వేసి గిలకొట్టి ఇస్తాడు. ఇంట్లో చేసినా అంతే, గిన్నెలు వరసగా పెట్టి ఎవరిది వాళ్లని కలుపుకోమంటే ఇంటావిడకి పనీ ఉండదు, మూరీలూ కరకరలాడతాయి. కాని అలా చేస్తే జనం గిన్నెల చుట్టూ గుంపుగా చేరి కబుర్లలో పడతారు, ఏడున్నర ఫొటోకి ఎవరూ దొరకరు. మెత్తటి మూరీలు తిన్నవాళ్లం తొమ్మిదిలోపే ఎవరి చెప్పులు వాళ్లం వెతుక్కున్నాం. వ్యూహపరంగా చూస్తే అది ఆ ఏడాది నేను చూసిన ఉత్తమ పార్టీ.

మా రక్షణ వ్యవస్థకి అసలు పరీక్ష ఆషాఢ పౌర్ణమికి వచ్చింది. సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడివివరం, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా మా ఎంవీపీ కాలనీలోకి వస్తారు. చెప్పుల్లేని కాళ్లు, చినుకులు, అర్ధరాత్రి. మా వీధిలోకి తిరగ్గానే శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మా పిన్నికి మేం గుర్తొచ్చాం. బాబాయి, ఇద్దరు కూతుళ్లు, ఒక అల్లుడు, దార్లో పరిచయమైన ఒక ముసలమ్మ.

నేను ధైర్యంగానే ఉన్నాను. కుషన్లు ఏడూ బిగించి ఉన్నాయి. ఎల్ఈడీ నీలంలో ఉంది. సువాసన యంత్రం పొగలు వదులుతోంది.

"ఏటిరా ఇది, దోమల మందా? ఆపీ, దగ్గొస్తంది" అంది పిన్ని లోపలికొస్తూనే.

అల్లుడు నీలం లైటు ఆపేసి వంటింట్లో బల్బు వేశాడు. అమ్మాయిలు కుషన్లన్నీ నేల మీదికి దించి తలల కింద పెట్టుకున్నారు. ముసలమ్మ గులకరాళ్ల గిన్నె కిందికి దింపి, అందులో పాదం పెట్టి అటూ ఇటూ రుద్దుకుంటూ "హాయిగున్నాది బాబూ" అని దీవించింది. మా ఆవిడ బ్యాంకు ఆఫీసరు, నా ప్రతి కొనుగోలుకీ ప్రయోజనం ఏమిటని అడిగే మనిషి, అటక మీంచి చాప దించి పరిచేసి తనూ కూర్చుంది. నన్ను ఉల్లిపాయలు తరగమంది. డబ్బాలో మూరీలు ఉన్నాయట.

నేను కళ్లు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి పిన్ని టీపాయ్ దగ్గరికి జరిగి ఉంది. ఉరుళిలోని బంతిపూలు తీసి అమ్మాయి జళ్లో పెట్టేసింది. వేన్నీళ్లు, గుప్పెడు కళ్లుప్పు పడ్డాయి. రెండు పాదాలూ అందులో పెట్టి కళ్లు మూసుకుంది. బాబాయి పక్కనే నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు.

"గిన్నె బాగున్నాది గాని" అంటూ వంగి, వేళ్లతో టంగుమని కొట్టి విని చూసింది పిన్ని. "ఇది ఇత్తడి కాదురా నాన్నా. ఇనప రేకుకి రంగేసేరు, ఉప్పునీళ్లకి పొద్దుటికి పోద్ది. మా పక్కనే కదరా బుడితి, ఇత్తడి చేసీవోళ్లు. పెద్దది, ఇద్దరికి సరిపోయేది చేయించి పట్టుకొస్తాను. వచ్చే నెల మీ బాబాయికి కంటి ఆపరేషను ఉంది, పది రోజులు ఇక్కడే గదా ఉంటాం."