మంచు కింది నీటికి మరక అంటకూడదు

అంటార్కిటికాలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు అడుగున నాలుగు వందలకు పైగా సరస్సులను శాస్త్రవేత్తలు ఇప్పటికే గుర్తించారు. భూగర్భం నుంచి వచ్చే వేడి, దాన్ని బయటికి పోనీయని మంచు, ఆ మంచు బరువుకు కొంత దిగిపోయే ఘనీభవన స్థానం కలిసి అక్కడి నీటిని గడ్డకట్టనీయడం లేదు. ఆ నీటిని ఏ విధంగా తాకాలన్నదే ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం.

రష్యా బృందం ఏళ్ల తరబడి తొలిచి 2012 ఫిబ్రవరిలో 3,769 మీటర్ల లోతున వోస్తోక్ సరస్సును అందుకుంది. మైనస్ 89.2 డిగ్రీల చలి నమోదైన చోట సాగించిన ఆ శ్రమను మేము తక్కువ చేయం. అయితే రంధ్రం పూడిపోకుండా నింపిన కిరోసిన్ ద్రవం పైకి ఎగసిన సరస్సు నీటికి తగలడంతో, నమూనాల్లో కనిపించిన సూక్ష్మజీవులు సరస్సువేనా, పైనుంచి చేరినవా అన్న సందేహం మిగిలిపోయింది. మరుసటి ఏడాది జనవరిలో విలన్స్ సరస్సు మీది 800 మీటర్ల మంచును అమెరికా బృందం వేడినీటితో కరిగించింది. ఆ నీటిని ముందే వడగట్టి, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసి, పనిముట్లను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిచింది. ఎండ పొడ ఎరుగని ఆ సరస్సు నీటిలో మిల్లీలీటరుకు లక్షకు మించి సూక్ష్మజీవ కణాలున్నాయని 2014లో వెల్లడించినప్పుడు ఆ మాటకు విలువ దక్కింది. విలన్స్ మంచు పలుచనన్నది నిజమే. మూడు కిలోమీటర్లు దాటిన ఎల్స్‌వర్త్ సరస్సు మీది మంచు దగ్గర వేడినీటి పద్ధతి కుదరక బ్రిటిష్ బృందం 2012 డిసెంబరులో వెనుదిరిగింది. పని కష్టమైనంత మాత్రాన శుభ్రత నియమాన్ని సడలించడం తగదు.

నల్లగొండ నుంచి ఈ మాట గట్టిగా చెప్పే హక్కు మాకుంది. గ్రానైట్ పొరల్లోకి బోర్లు దింపి, ఆ నీటిలో ఏముందో ముందుగా చెప్పే నాథుడు లేక, మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లలు వంగిన కాళ్లతో పెరిగారు. లోతు నీటి గుణం తెలుసుకోవాలంటే నిఖార్సైన నమూనా కావాలని ఇక్కడి వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

1983 నుంచి అంటార్కిటికా ఒప్పందంలో నిర్ణయాధికారమున్న సభ్యదేశం మనది. అక్కడ మైత్రి, భారతి కేంద్రాలను నడుపుతున్నాం. 2024లో ఆ ఒప్పంద దేశాల సంప్రదింపుల సమావేశానికి కొచ్చిలో ఆతిథ్యమిచ్చాం. మంచు కింది సరస్సుల కోసం శాస్త్రవేత్తలు రాసుకున్న ప్రవర్తనా నియమావళిని సభ్యదేశాలన్నీ విధిగా పాటించవలసిన షరతుగా మార్చాలనీ, శుద్ధి ఏర్పాట్లను బయటివారు పరీక్షించి సరేనన్నాకే తొలిచే పని మొదలుకావాలనీ భారత్ వచ్చే సమావేశంలోనే ప్రతిపాదించాలి.