మినప్పప్పుకి కవర్ ఫొటో

నోట్స్ యాపా, టు-డూ యాపా? ఇది తేలకుండా మనిషన్నవాడు ఏ పనీ మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. నేనైతే మూడు వారాలుగా మొదలుపెట్టలేదు.

టు-డూ యాప్‌కి మర్యాద తెలీదండీ. 'మినప్పప్పు అరకిలో' అని రాసుకున్నాం కదా, అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోదు. సాయంత్రం ఆరింటికి టింగుమంటుంది, మర్నాటికి ఆ తేదీ ఎర్రబడుతుంది, పక్కనున్న ఖాళీ గడి అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు కదలకుండా అక్కడే ఉంటుంది. పోనీ భరిద్దామంటే వీటి ఆయుష్షుకి గ్యారంటీ లేదు. వండర్‌లిస్ట్ అనే టు-డూ యాప్‌ని మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020 మే నెలలో మూసేసింది. జనం పనులు పూర్తి కాలేదు గానీ యాప్ పూర్తయింది. మిగిలినవాటిని తమ కొత్త యాప్‌లోకి మార్చుకోమన్నారు లెండి. చేయని పనులన్నీ అద్దె ఇల్లు మారాయి, అంతే.

నోట్స్ యాప్ పెద్దమనిషి. ఎంత రాసినా 'చేశావా?' అని అడగదు. అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లో ఒక నోట్‌ని ఇంకో నోట్‌కి ముడిపెడుతూ పోతే చివరికి అచ్చం చుక్కల ముగ్గులాంటి బొమ్మ కనిపిస్తుంది. మా అమ్మ కూడా రోజూ వాకిట్లో వేసేది, కాకపోతే ఆవిడ ముగ్గు అయ్యాక లోపలికెళ్ళి పని చేసుకునేది. ఈ లింకుల పిచ్చికి ఆరాధ్యదైవం నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. దాదాపు 90,000 చీటీలు రాసి సొరుగుల్లో దాచుకుని, వాటితో పదుల కొద్దీ పుస్తకాలు రాశాడు. మనం సొరుగుల దాకా వచ్చాం.

మా నాయనమ్మ వాడిన కొంగుముడి మాత్రం మరీ నాసిరకం. ఒక పనికి ఒక ముడి, పనైతే విప్పేయడం. బ్యాకప్ లేదు, డార్క్ మోడ్ లేదు. అసలు ముడి దేనికి వేసిందో గుర్తురాక అరుగు మీద కూర్చుని తల పట్టుకున్న రోజులూ ఉన్నాయి, సెర్చ్ లేని పాపానికి.

కాబట్టి మొన్న శనివారం మా ఆవిడ మినప్పప్పు తెమ్మనగానే నోషన్ అనే ఇంకో నోట్స్ యాప్‌లో పేజీ తెరిచాను. పేరు పక్కన చిన్న గిన్నె బొమ్మ, పైన ఇడ్లీల కవర్ ఫొటో, కింద పట్టిక: పొట్టుదా గుళ్ళా, ఎవరి కొట్లో ఎంత, ఏ పాళ్ళలో నానబెట్టాలి. 'వంటిల్లు' అని ట్యాగ్ పెట్టాలా 'ఆరోగ్యం' అని పెట్టాలా అన్న దగ్గర ఒక గంట పట్టింది, పట్టదా మరి. తలెత్తేసరికి తొమ్మిదిన్నర, సందు చివర కొట్టు షట్టర్ దించేశారు.

"ఏవండీ, పప్పు తెచ్చారా?"

"దాని మీద పూర్తి నోట్స్ ఉంది, చూస్తావా?"

"అయితే ఆ నోట్సే నానబెట్టండి."