సవరణ: ప్రొచిదా పడవలు ఏ రేవు నుంచి?

ఇటలీలోని నేపుల్స్ దగ్గరి ప్రొచిదా దీవి మీద నేను రాసిన పోస్టులో, అక్కడికి వెళ్లే పడవలన్నీ నేపుల్స్‌లోని మోలో బెవెరెల్లో రేవు నుంచే బయల్దేరతాయని ఉంది. అది సరికాదు. అక్కడి నుంచి వెళ్లేవి హైడ్రోఫాయిల్ లాంటి స్పీడు బోట్లు. కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు అదే ఊళ్లోని కలాతా పోర్తా ది మాస్సా రేవు నుంచి వెళ్తాయి. టికెట్ మీద రేవు పేరు ముందే చూసుకోండి. చివరి నిమిషంలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఇంకో రేవుకి పరుగెత్తాలంటే మామూలు టెన్షన్ కాదు. నేపుల్స్ దగ్గరున్న పొత్సువోలి ఊరి రేవు నుంచైతే సముద్ర ప్రయాణం ఇంకా తక్కువ.

ఆ పోస్టులో ప్రొచిదాని "ఎవరికీ తెలియని పల్లె" అన్న మాట కూడా తీసేశాను. 4 చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ దీవిలో సుమారు 10,000 మంది ఉంటారు. 2022లో అది ఇటలీ సాంస్కృతిక రాజధాని కూడా. ప్రశాంతత కావాలంటే కొర్రిచెల్లాకి వెళ్లండి. అది జాలర్ల పేట, మెట్లు దిగి వెళ్లాల్సిందే, బండ్లు రావు.

అక్కడి నిమ్మకాయ సలాడ్ గురించి కొందరు అడిగారు. ఆ కాయలకి తొక్క కింది తెల్లటి భాగం దబ్బకాయకి ఉన్నట్టు మందంగా ఉంటుంది. దాంతో సహా ముక్కలు కోసి ఉప్పు, పుదీనా, మిరప, ఆలివ్ నూనె కలుపుతారు. తప్పకుండా తినండి.