నల్లగొండకు సముద్రపు గాలి

సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏట మన విద్యార్థులు బ్యాచ్‌లుగా కూడి రూపొందించే భవనాలకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. నేల మీద ఎక్కడా కనిపించకపోయినా, బంగారు అక్షరాల నల్లని అట్టల మధ్య వెలసిన ఈ జీ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్లలో ఇంతవరకు ఒక్క గోడ బీటలు వారలేదు, ఒక్క స్లాబు కురవలేదు. ఈ ఘనత యావత్తూ ప్రాజెక్టు రిపోర్టుదే కనుక దాని రచనా సంప్రదాయాన్ని శ్రద్ధగా పరిశీలించడం మన విధి.

రిపోర్టు డిక్లరేషన్ అనే ప్రమాణంతో మొదలవుతుంది. ఇది పూర్తిగా మా సొంత కృషి అని చెప్పే ఆ పేజీని సైతం సీనియర్ల ప్రతి నుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయడంలోని వినయాన్ని లోకం ఇంకా గుర్తించలేదు. తరువాత ఊరి పేరు మారుతుంది, మారవలసినది అదొక్కటే. భవనాల మీద పడే భారాలను చెప్పే భారతీయ ప్రమాణ పత్రం ఐఎస్ 875లో మూడవ భాగం, డిజైన్‌కు లెక్కగట్టవలసిన గాలి మూలవేగాన్ని హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లుగానూ, విశాఖపట్నానికి 50 మీటర్లుగానూ చూపుతుంది. మన నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో కట్టదలచిన భవనానికి 50 ఎందుకు వేశారని అడిగేవారు, కోస్తాలో పుట్టిన ఫైలుతో పాటు అక్కడి గాలి కూడా పెన్‌డ్రైవ్‌లో వస్తుందన్న సంగతి తెలియనివారు. ఇన్నేళ్లుగా ఏ ప్రభుత్వమూ మనకు తేలేకపోయిన సముద్రపు గాలిని ఒక బ్యాచ్ తెచ్చిపెట్టింది.

మట్టి విషయంలోనూ ఇదే ఔదార్యం. భూమి చదరపు మీటరుకు 200 కిలోన్యూటన్ల బరువు మోస్తుందని ఒకసారి రాసుకున్నాక మొరం, చల్క, నల్లరేగడి అన్న భేదభావం ఉండదు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చి పునాదులను కదిలించే నల్లరేగడి కూడా రిపోర్టులో అడుగుపెట్టగానే బుద్ధిగా 200 మోస్తుంది. ఇక గుంత తవ్వి మట్టిని ల్యాబుకు పంపడం దానిని అవమానించడమే.

రిపోర్టుకు బలమిచ్చేది స్టాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అవుట్‌పుట్. ఎవరూ చదవని అంకెల పేజీలు ఎంత మందంగా ఉంటే మార్కులు అంత భద్రం. కాంక్రీటుకు ఎం20 అనే బలపు శ్రేణి ఎందుకు అన్నదానికి, ఇనుప కడ్డీల కాంక్రీటుకు (ఆర్‌సీసీ) కాంక్రీటు ప్రమాణ పత్రం ఐఎస్ 456 (2000) అనుమతించే కనీసం అదేనని, ఇక్కడ అది ఫలానా కారణంగా చాలుతుందని రెండు వాక్యాలు రాయవచ్చు; కాని రెండు వాక్యాలకు ఎవరూ బైండింగ్ చేయరు. ఆ పిల్లర్ అక్కడే ఎందుకు, మెట్లు అటే ఎందుకు అన్నవి కూడా ఇలాగే మర్యాదగా దాటవేయబడతాయి.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం కట్టినవారు రిపోర్టు ఇవ్వకపోవడం వల్ల, గర్భగుడిలో పగలంతా నిలిచే నీడ ఎలా పడుతోందో తరువాతివారు స్తంభాలను చూసి తేల్చుకోవలసి వచ్చింది. మన బ్యాచ్ రాసి ఉంటే గుడి వైశాల్యం, ఇసుక, కంకర లెక్కలు, గైడ్‌కు కృతజ్ఞతలు అన్నీ ఉండేవి. నీడ మాట మాత్రం ఉండేది కాదు.

పాలమూరు మేస్త్రీ జేబులోని చిన్న పుస్తకంలో ఏ పిల్లర్‌కు రింగుల ఎడం ఎంత, స్లాబు ఏ రోజు పోశారు, బీమ్ ఎందుకు జరిపారు అన్నవి పెన్సిల్‌తో ఉంటాయి. దానికి డిక్లరేషన్ లేదు, అట్ట లేదు, కనుక అది డాక్యుమెంటేషన్ కాదు.

ఒక్క ఆచరణాత్మక సూచన. ఐఎస్ 875 రెండవ భాగం తరగతి గదికి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాను వంటి మారే బరువు, చాలంటుంది. గ్రంథాలయంలో పుస్తకాలు పేర్చే గదికి కనీసం 6 వేయమంటుంది. ఏటేటా రిపోర్టులు పేరుకుపోయే డిపార్ట్‌మెంటు గది ఒకప్పుడు తరగతి గదే అయి ఉంటే, ఆ స్లాబు స్థితిని పరిశీలించే పనిని వచ్చే బ్యాచ్‌కు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. రిపోర్టు మాత్రం నాలుగు ప్రతులు, హార్డ్ బైండింగ్‌తో, ఆ గదిలోనే సమర్పించాలి.